పందెపు కార్ల నిర్మాత కాలిన్ చాప్‌మన్

ధనమున్నచో దేనినైనను సాధింపవచ్చునని కొందరును, ధనము లేనిదే ఏమియు సాధింపలేమని మరికొందరును తలచుచుందురు. ఈ రెండు తలంపులును పూర్తిగా సత్యములు కావు. ఉన్న కొద్ది ధనమును దేనికి ముందు వెచ్చింపవలెను, దేనికి తరువాత వెచ్చింపవలెను, ఎచ్చట పొదుపు చేయవలెను అను వివేకము గలవాడు గొప్ప ధనికులను సైతము మించగలడు. కాని పొదుపు చేయరానిచోట పొదుపు చేసినయెడల దానికి మూల్యముగా ప్రాణములే చెల్లింపవలసి రావచ్చును. ఈ రెండు విషయములకును నిదర్శనముగా నిలిచినది ఇంగ్లండు దేశపు పందెపు కార్ల నిర్మాత కాలిన్ చాప్‌మన్ జీవితము.

ఆంథొనీ కాలిన్ బ్రూస్ చాప్‌మన్ 1928వ సంవత్సరము మే నెల 19వ తేదీన లండను నగరమునకు చేరువనున్న రిచ్మండులో జన్మించెను. ఆతని తండ్రి లండనులోని హార్న్‌సీ అను ప్రాంతమున ఒక హోటలు నడుపుచుండెను. కాలిన్ లండను యూనివర్సిటీ కాలేజీలో చేరి కట్టడముల నిర్మాణశాస్త్రము చదివెను. ఏ దూలము ఎంత బరువు మోయగలదు, ఏ కమ్మి ఎచ్చట విరుగును, తక్కువ లోహముతో ఎక్కువ బలమును ఎట్లు సాధింపవచ్చును అనునవి ఆ శాస్త్రములోని ముఖ్యవిషయములు. అచ్చటనే ఆతడు విశ్వవిద్యాలయపు వైమానికదళమున చేరి విమానము నడుపుటయు నేర్చెను. గాలి విమానపు రెక్కనెట్లు పట్టి నిలుపునో ఆతనికి స్వానుభవమున తెలిసెను. ఈ రెండు విద్యలును ఆతని జీవితమంతటికి పునాదులయ్యెను.

విద్యార్థిగా ఉన్న దినములలోనే కాలిన్ ఒక మిత్రునితో కలిసి పాత కార్లు కొని, బాగుచేసి, అమ్ముచుండెను. యుద్ధానంతరమున ఇంగ్లండులో పెట్రోలు కొరత మిక్కుటముగా నుండెను. 1947లో సామాన్య పౌరులకిచ్చు పెట్రోలు కోటాను ప్రభుత్వము నిలిపివేయగా పాత కార్లను కొనువారు లేకపోయిరి. వ్యాపారము మూతపడెను. అమ్ముడుపోక మిగిలినది ఒక పాత ఆస్టిన్ సెవెన్ కారు. కాలిన్ దానినే పెట్టుబడిగా భావించెను. తన స్నేహితురాలు హేజెల్ విలియమ్స్ తలిదండ్రుల ఇంటి వెనుకనున్న షెడ్డులో దానిని పూర్తిగా విప్పి, తేలికయైన క్రొత్త పైకట్టు నమర్చి, 1948లో పందెములకు పనికివచ్చు కారుగా మలచెను. దానికి లోటస్ అని పేరిడెను. లోటస్ అనగా తామరపువ్వు. అదియే తరువాత లోకప్రసిద్ధమైన లోటస్ కార్లలో మొదటిది.

చదువు ముగిసిన పిమ్మట కాలిన్ కొంతకాలము వైమానికదళమునను, అటుపిమ్మట ఒక అల్యూమినియము కంపెనీలోను పనిచేసెను. పగలు ఉద్యోగము, రాత్రి కార్ల నిర్మాణము. 1952లో హేజెల్ అప్పుగా ఇచ్చిన స్వల్పమైన మొత్తముతో, తండ్రి హోటలు వెనుకనున్న పాత గుర్రపుశాలలో లోటస్ ఇంజనీరింగు కంపెనీని ప్రారంభించెను. 1954లో హేజెల్‌ను వివాహమాడెను. ఆ దినములలో పూర్తిగా కట్టిన కారుపై కొనుగోలు పన్ను హెచ్చుగా నుండెను. విడిభాగములుగా అమ్మినచో ఆ పన్ను లేకుండెను. అందుచేత చాప్‌మన్ తన కార్లను విడిభాగములుగా అమ్మెను. కొన్నవారు ఇంటికి తీసికొనిపోయి తామే బిగించుకొనుచుండిరి. అట్లు వచ్చిన లాభమును ఆతడు క్రొత్త పందెపు కార్లకు వెచ్చించుచుండెను.

పెద్ద కంపెనీలకు పెద్ద ఇంజన్లు ఉండెను. చాప్‌మన్‌కు అట్టి ఇంజను కొనుటకు శక్తి లేదు. చిన్న ఇంజనుతో పెద్దవారి నెట్లు మించవలెనని ఆతడు ఆలోచించెను. కారు వేగముగా పోవునప్పుడు గాలి దానిని వెనుకకు నెట్టును. వేగము రెట్టింపైనచో ఆ ఎదురుదెబ్బ నాలుగు రెట్లగును. దానిని జయించుటకు ఇంజను శక్తి ఎనిమిది రెట్లు కావలసివచ్చును. కావున గాలిని చీల్చుకొనిపోవు ఆకారము నిచ్చినచో ఇంజనుపై కాసైనను వెచ్చింపకయే వేగము లభించును. ఫ్రాంక్ కాస్టిన్ అను ఇంజనీరు ఆ కాలమున డీ హావిలాండ్ విమానముల కంపెనీలో పనిచేయుచుండెను. ఆతని సోదరుడు మైక్ కాస్టిన్ లోటస్‌లో ఉద్యోగి. చాప్‌మన్ ఫ్రాంక్ సహాయము కోరెను. 1954లో ఫ్రాంక్ రూపొందించిన లోటస్ ఎనిమిదవ కారును చూచినవారికి అది రెక్కలు తీసివేసిన విమానమా అని తోచెను. 1956లో లోటస్ ఇలెవెన్ అను చిన్నకారు ఫ్రాన్సు దేశపు లె మాన్ ఇరువదినాలుగు గంటల పందెమున తన తరగతిలో ప్రథమస్థానము పొందెను.

1958లో లోటస్ జట్టు ఫార్ములా వన్ అను ప్రపంచస్థాయి పందెములలో ప్రవేశించెను. 1962లో చాప్‌మన్ లోటస్ ఇరువదియైదవ కారును నిర్మించెను. అంతవరకు పందెపు కార్లకు గొట్టములతో కట్టిన చట్రముండెడిది. ఈ కారులో చట్రమునకు బదులు పలుచని రేకులతో చేసిన పెట్టె వంటి దేహముండెను. అది ముందటి చట్రములకంటె తేలిక, దృఢము. దానిని నడిపిన స్కాట్లండు వీరుడు జిమ్ క్లార్క్ 1963లోను, దాని తరువాతి కారుతో 1965లోను ప్రపంచ విజేత యయ్యెను. 1965లోనే అమెరికాలోని ఇండియానాపొలిస్ ఐదువందల మైళ్ల పందెమును కూడ క్లార్క్ లోటస్ కారుతో గెలిచెను.

ఇంజను విషయమున చాప్‌మన్ చేసిన ఏర్పాటు మరియొక వివేకము. తానుగా ఇంజనును నిర్మించినచో లోటస్ ధనమంతయు అందులోనే హరించిపోవును. అందుచేత ఆతడు ఫోర్డు కంపెనీ నాశ్రయించి, ఇంజను నిర్మాణమునకు కావలసిన లక్ష పౌండ్లను ఆ కంపెనీ భరించునట్లు ఒప్పించెను. కీత్ డక్‌వర్త్ రూపొందించిన ఆ కాస్వర్త్ ఇంజనుతో 1967లో జిమ్ క్లార్క్ హాలండు దేశపు పందెమున మొదటి ప్రయత్నముననే గెలిచెను. కాని ఆ ఇంజను ఎంతయో మేలైనది కావున ఫోర్డు కంపెనీ దానిని 1968 నుండి ఇతర జట్లకును అమ్ముట కారంభించెను. క్రమముగా అనేక జట్లు ఒకే ఇంజనును కొని వాడసాగినవి. అందరి ఇంజనును ఒకటియైనప్పుడు గెలుపోటములు మరియొకచోట నిర్ణయము కావలెను గదా! ఆ మరియొక చోటు గాలి.

అదే కాలమున ధనము సమకూర్చు మార్గములును మారెను. పెట్రోలు కంపెనీలు తమ సాయమును తగ్గించుకొనెను. పందెపు కార్లపై ఇతర వ్యాపార ప్రకటనలు వేయుటకు 1968లో అనుమతి లభించెను. చాప్‌మన్ వెంటనే ఒక సిగరెట్టు కంపెనీతో ఒప్పందము చేసికొని తన కార్లకు దాని రంగులు పూయించెను. ఇతర జట్లును ఆ దారినే అనుసరించినవి. పొగాకు వలన కలుగు హాని లోకమునకు తేటపడిన తరువాత పలు దేశములు ఆ ప్రకటనలను నిషేధించినవి. ధనము ఎచ్చటనుండి వచ్చుచున్నదో విచారింపక స్వీకరించుట మేలుకాదని ఈ కథయే చెప్పుచున్నది. ఆ సంవత్సరము ఏప్రిల్ 7వ తేదీన జర్మనీలో జరిగిన ఒక పందెమున జిమ్ క్లార్క్ మరణించెను. ఆప్తమిత్రుని కోల్పోయిన చాప్‌మన్ తీరని దుఃఖములో మునిగెను.

ఇక గాలి సంగతి. పందెపుదారి తిన్నగా ఉండదు. అందు మలుపు లనేకము. మలుపులో కారును దారిపై నిలుపునది టైరునకును నేలకును గల పట్టు. టైరుపై ఒత్తిడి పెరిగినకొలది ఆ పట్టు పెరుగును. అట్లని కారును బరువుగా చేసినచో ఆ బరువే మలుపులో కారును బయటికి లాగును. బరువు పెరుగరాదు, ఒత్తిడి మాత్రము పెరుగవలెను. ఇదియెట్లు సాధ్యము? విమానపు రెక్క విమానమును పైకెత్తును. అట్టి రెక్కనే తలక్రిందులుగా కారుపై అమర్చినచో గాలి కారును నేలకు అదుమును. అమెరికా దేశస్థుడు జిమ్ హాల్ 1966లోనే తన కారుపై ఎత్తైన రెక్కను నిలిపి దారి చూపెను. ఫార్ములా వన్ పందెములలో 1968లో మొనాకో నగరమున లోటస్ కారు ముందుభాగమున చిన్న రెక్కలతో వచ్చి గెలిచెను. కొద్ది నెలలలోనే ప్రతి జట్టును రెక్కలు తొడుగుట కారంభించెను. ఆ సంవత్సరము లోటస్ చోదకుడు గ్రాహమ్ హిల్ ప్రపంచ విజేత యయ్యెను.

క్రొత్త ఇంజనుతో పోల్చినచో రెక్కకగు ఖర్చు అత్యల్పము. కొంత రేకు, కొన్ని కమ్మీలు చాలును. కాని ఆ రెక్క మోయవలసిన భారము అల్పము కాదు. ఎత్తైన సన్నని కమ్మీలపై నిలిచిన రెక్కను, వందల పౌన్ల బలముతో గాలి క్రిందికి అదుముచుండును. కమ్మీలను దృఢముగా చేసినచో బరువు పెరుగును. తేలికదనమునందు చాప్‌మన్‌కు గల మక్కువ ఇచ్చట హద్దు మీరెను. 1969వ సంవత్సరము మే 4వ తేదీన స్పెయిన్ దేశపు బార్సిలోనా నగరములోని మోన్‌జూయిక్ దారిపై పందెము జరిగెను. ఆ దారిలో కారును ఎగురవేయు మిట్ట యొకటి కలదు. అచ్చట మొదట గ్రాహమ్ హిల్ కారుపై రెక్క వంగి విరిగెను. కారు అదుపు తప్పి అడ్డుగోడను ఢీకొనెను. హిల్ క్షేమముగా బయటపడి, విరిగిన రెక్కను చూచి కారణము గ్రహించి, తన జట్టువాడైన యోఖెన్ రిండ్ట్‌ను ఆపవలసినదని కబురంపెను. ఆ కబురు ఫలించులోపలనే రిండ్ట్ రెక్కయు విరిగెను. ఆతని కారు హిల్ కారునే ఢీకొని బోర్లపడెను. రిండ్ట్ ముఖమునకును తలకును గాయములతో బ్రదికెను. ఆ నెలలోనే అధికారులు ఎత్తైన రెక్కలను నిషేధించిరి. తరువాత తక్కువ ఎత్తున, కారు దేహమునకు గట్టిగా బిగించిన రెక్కలను మాత్రము అనుమతించిరి.

అదే సంవత్సరము చాప్‌మన్ నాలుగు చక్రములకును ఇంజను శక్తి నిచ్చు మరియొక కారుపై చాల శ్రమయు ధనమును వెచ్చించెను. రెక్కలు ఇచ్చిన పట్టుముందు ఆ బరువైన యంత్రము నిలువలేక విఫలమయ్యెను. ఆ నష్టము నుండి తేరుకొని 1970లో ఆతడు లోటస్ డెబ్బదిరెండవ కారును తెచ్చెను. ముందు సన్నగా మొదలై వెనుకకు పోయినకొలది లావగుచు, మేకువలె గాలిలో దూరు ఆకారము దానిది. ముందుండెడి రేడియేటరును రెండుగా చేసి ప్రక్కలకు జరిపిరి. ఆ కారు ఆరు సంవత్సరములు పందెములలో నడిచెను. ఒక్క ఆకారముపై మొదట పెట్టిన శ్రమ అన్ని సంవత్సరములు ఫలమిచ్చుట పొదుపులో గొప్ప పొదుపు. కాని 1970 సెప్టెంబరు 5వ తేదీన ఇటలీలోని మోంజాలో అభ్యాస సమయమున రిండ్ట్ ఆ కారులోనే మరణించెను. ముందుచక్రపు బ్రేకునకు సంబంధించిన ఇరుసు విరిగినదనియు, దారి ప్రక్కనున్న అడ్డుకంచె సరిగా అమర్పబడలేదనియు తరువాత తేలెను. అప్పటికే సంపాదించిన పాయింట్ల బలముచేత ఆ సంవత్సరపు విజేతగా రిండ్ట్ పేరే నిలిచెను. మరణానంతరము ఆ గౌరవము పొందినవాడు ఆతడొక్కడే. 1972లో బ్రెజిల్ యువకుడు ఎమర్సన్ ఫిటిపాల్డి అదే కారుతో విజేత యయ్యెను.

కాలము గడచినకొలది ఇతరులు మేలైన కార్లు కట్టిరి. లోటస్ తెచ్చిన క్రొత్తకారు 1974లో విఫలమయ్యెను. పాత కారునే మరల మరల అతుకుచు నడిపినను 1975లో జట్టు ఏడవ స్థానమునకు దిగజారెను. అపుడు చాప్‌మన్ ముందు రెండు దారులుండెను. ప్రతి పందెమునకును ఒక చిన్న మార్పు చేయుచు ఉన్న ధనమును చిల్లరగా ఖర్చుచేయుట ఒకటి. కొంతకాలము ఓటమిని సహించి, ఆ ధనమును ఒక్క మూలప్రశ్నను శోధించుటకు వినియోగించుట రెండవది. ఆతడు రెండవ దారినే ఎన్నుకొనెను. పందెపు కారునకు వేగము ఎచ్చటినుండి వచ్చును, మలుపులో పట్టు ఎచ్చటినుండి వచ్చును, మనకు తెలియనిది ఏది అని ప్రశ్నించుచు ఒక దీర్ఘమైన లేఖ వ్రాసెను. దానిని టోనీ రడ్ అను అనుభవశాలియగు ఇంజనీరున కప్పగించి, పందెముల తొందర తగులకుండ కెటరింగ్‌హామ్ హాల్ అను పాత భవనమున ఒక చిన్న పరిశోధక బృందము నేర్పరచెను. ఆ బృందములో గాలిశాస్త్రము నెరిగినవాడు పీటర్ రైట్.

గాలి ప్రవాహమును పరీక్షించుటకు గాలిసొరంగము కావలెను. అనగా కారు నమూనాను ఒకచోట నిలిపి, పెద్దపంకాతో దానిపైకి గాలిని పంపి, అది నమూనాను ఎంత బలముతో నెట్టుచున్నదో, ఎంత బలముతో అదుముచున్నదో కొలుచు శాల. దానిని సొంతముగా కట్టుట లోటస్‌కు సాధ్యము కాదు. లండనులోని ఇంపీరియల్ కాలేజీలో అట్టి శాల యుండెను. అందు నమూనా క్రింద నేల వంటి పట్టీ కదలుచుండుట విశేషము. దారిపై కారు క్రింద గాలి ఎట్లు పోవునో అట్లే అచ్చటను పోవును. లోటస్ ఇంజనీర్లు ఆ శాలను వాడుకొనిరి. కారును కట్టి చెడగొట్టుటకంటె చిన్న నమూనాను చేసి చెడగొట్టుట చౌక. అట్టకాగితము, మెత్తని మట్టి, తీగలు వారి ముఖ్యమైన పరికరములు.

ఒకనాడు నమూనా చూపు అంకెలు నిలుకడ లేక మారసాగెను. ఒకే పరీక్షకు ఒకసారి ఒక అంకె, మరియొకసారి మరియొక అంకె. పీటర్ రైట్ ఆ తప్పుడు అంకెలను పారవేయక కారణము వెదకెను. నమూనా ప్రక్కభాగములు, గాలి వీచినకొలది నేలవైపు వంగిపోవుచుండెను. అవి నేలకు దగ్గరైనకొలది కారును అదుము బలము పెరుగుచుండెను. వెంటనే అట్టముక్కలు కత్తిరించి ప్రక్కభాగములకును నేలకును నడుమనున్న సందును మూసివేసిరి. అదుము బలము అమాంతముగా పెరిగిపోయెను. దీని మర్మము కష్టమైనది కాదు. విద్యార్థులారా! రెండు కాగితములను కొంచెము ఎడముగా వ్రేలాడునట్లు పట్టుకొని వాని నడుమ గట్టిగా ఊదుడు. అవి విడిపోవుటకు బదులు దగ్గరకు వచ్చును. ఇరుకుచోట గాలి వడిగా పోవును. వడిగా పోవుచోట గాలి ఒత్తిడి తగ్గును. కారు అడుగుభాగమును తలక్రిందైన రెక్కవలె మలచి, ప్రక్కలనుండి గాలి జొరబడకుండ అంచుతెరలు కట్టినచో కారు నేలకు కరచుకొనును. పైన నిలిపిన పెద్దరెక్క గాలికి అడ్డై కారు వేగమును తగ్గించును. క్రింద దాగిన ఈ రెక్క అట్లు తగ్గించుట బహుస్వల్పము.

ఈ సూత్రముతో నిర్మింపబడిన లోటస్ డెబ్బదియెనిమిదవ కారు 1976 చివరకే సిద్ధమైనను, ఇతరులు ముందుగా చూచి అనుకరింపకుండ చాప్‌మన్ దానిని 1977 వరకు దాచియుంచెను. ఆ సంవత్సరము లోటస్ ఐదు పందెములు గెలిచెను. అందు నాలుగు అమెరికా చోదకుడు మేరియో ఆండ్రెట్టివి. అంతకంటె ఎక్కువ పందెములు ఆ ఏట ఎవరును గెలువలేదు. అయినను విజేత పదవి ఆతనికి దక్కలేదు. అధికశక్తికై మార్పులు చేసిన ఇంజన్లు పందెము నడుమ పలుమారులు చెడిపోవుటయే ఇందుకు ముఖ్యకారణము. ఒక భాగము ఎంత శ్రేష్ఠమైనను మరియొక భాగము బలహీనమైనచో ఫలము చేజారును.

1978లో వచ్చిన డెబ్బదితొమ్మిదవ కారులో ఇంధనపు తొట్టిని చోదకుని వెనుక ఒక్కచోట చేర్చి, వెనుకచక్రముల స్ప్రింగులను లోనికి జరిపి, అడుగున పోవు గాలికి ఆటంకములేని త్రోవ నిచ్చిరి. బెల్జియం పందెమున అది మొదటిసారి దిగి గెలిచెను. ఆ సంవత్సరపు పదునారు పందెములలో ఎనిమిదింటిని లోటస్ గెలిచెను. ఆండ్రెట్టి ప్రపంచ విజేత యయ్యెను. కాని ఆ సంతోషము నిలువలేదు. సెప్టెంబరు 10వ తేదీన మోంజా పందెమునాటి ఉదయము ఆండ్రెట్టి సహచరుడగు స్వీడను చోదకుడు రానీ పీటర్సన్ తన క్రొత్తకారును అభ్యాసములో దెబ్బ తగిలించుకొనెను. ఆతని శరీరమునకు తగిన క్రొత్తకారు మరియొకటి సిద్ధముగా లేదు. ఆతడు ముందుసంవత్సరపు పాతకారుతో పందెమునకు దిగెను. ఆరంభముననే అనేక కార్లు ఒకదానితో ఒకటి ఢీకొనగా ఆతని కాళ్లు విరిగెను. మరునాడు ఆతడు మరణించెను.

విజయమునకు పిమ్మట చాప్‌మన్ మరియొక మెట్టు పైకెగయదలచెను. 1979లో వచ్చిన లోటస్ ఎనుబదవ కారు మొత్తము శరీరమే రెక్కయన్నట్లుండెను. కాని వేగము పెరిగినపుడు అది నీటిలోని చేపవలె పైకి క్రిందికి ఎగిరెగిరి పడసాగెను. కొద్ది పందెములకే దానిని వదలివేయవలసి వచ్చెను. ఇంతలో విలియమ్స్ అను చిన్నజట్టు లోటస్ సూత్రమునే గ్రహించి, ఆ గాలిబలమును మోయగల దృఢమైన దేహమును కట్టి 1980లో విజేత యయ్యెను. గాలి అదుముబలము పెరిగినపుడు కారు దేహపు బలమునకును సమానముగా ధనము వెచ్చింపవలెనని విలియమ్స్ ఇంజనీరు ప్యాట్రిక్ హెడ్ గ్రహించెను. 1981లో చాప్‌మన్ రెండు చట్రములు గల మరియొక కారును తెచ్చెను. అది నియమములకు విరుద్ధమని ఇతర జట్లు ఆక్షేపింపగా అధికారులు నిషేధించిరి. దానిపై చేసిన శ్రమ వ్యర్థమయ్యెను.

చివరి దినములలో ఆతని పేరునకు మరియొక మచ్చయు అంటుకొనెను. ఉత్తర ఐర్లండులో బ్రిటిషు ప్రభుత్వ ధనసాయముతో నెలకొల్పబడిన డిలోరియన్ కార్ల కంపెనీకి లోటస్ కారును రూపొందించి యిచ్చెను. 1982లో ఆ కంపెనీ దివాలా తీయగా, ఆ పనికై కేటాయించిన ధనములో కొంత దారిమళ్లినదని బయటపడెను. 1992లో లోటస్ ఆర్థికవ్యవహారముల అధిపతికి న్యాయస్థానము శిక్ష విధించెను. చాప్‌మన్ జీవించియుండినచో ఆతడును శిక్ష అనుభవింపవలసి యుండెడివాడని న్యాయాధిపతి అభిప్రాయపడెను. కాని అప్పటికి ఆతడు లేడు. 1982 ఆగస్టు 15వ తేదీన ఆస్ట్రియాలో లోటస్ కారు సెకనులో ఇరువదవ వంతు తేడాతో గెలుచుట ఆతడు చూచిన చివరి విజయము. ఆ సంవత్సరము డిసెంబరు 16వ తేదీన ఏబదినాలుగవ ఏట ఆతడు గుండెపోటుతో మరణించెను. ఆతని జీవితకాలమున లోటస్ జట్టు నిర్మాతల పతకమును ఏడుమారులును, దాని చోదకులు విజేత పదవిని ఆరుమారులును సాధించిరి.

ఆతని తరువాత పందెపు జట్ల ఖర్చు ఆకాశమునంటెను. గొప్ప జట్లు సొంత గాలిసొరంగములు కట్టుకొని రేయింబవళ్లు పరీక్షలు చేయసాగెను. చిన్నజట్లు నిలువలేకపోయెను. లోటస్ జట్టే 1994 తరువాత కనుమరుగయ్యెను. ఈ అసమానతను తగ్గించుటకై 2021లో అధికారులు జట్టు ఖర్చునకు హద్దు పెట్టిరి. మొదటి సంవత్సరము ఆ హద్దు పదునాలుగున్నర కోట్ల డాలర్లు. చోదకుల జీతములు మున్నగు కొన్ని ఖర్చులు మాత్రము ఇందు చేరవు. అంతేకాక గాలిసొరంగపు పరీక్షలకును లెక్క యేర్పరచిరి. ముందు నిలిచిన జట్టునకు తక్కువ పరీక్షలు, వెనుకబడిన జట్టునకు ఎక్కువ పరీక్షలు. కావున ఏ పరీక్ష ముందు చేయవలెను, ముందురెక్కకా, అడుగుభాగమునకా, వెనుకరెక్కకా ధనము వెచ్చింపవలెను అని ప్రతి జట్టును ఆలోచింపవలసి వచ్చెను. చాప్‌మన్ 1975లో వేసికొన్న ప్రశ్న యిదియే. 1983లో నిషేధింపబడిన అడుగురెక్క సూత్రము 2022లో మరల అనుమతింపబడగా, లోటస్ ఎనుబదవ కారును బాధించిన ఎగురుపాటే క్రొత్త కార్లనును బాధించెను. మన హైదరాబాదు నగరమున హుస్సేన్ సాగరు ఒడ్డున 2023 ఫిబ్రవరిలో విద్యుత్తుతో నడచు కార్ల పందెము జరిగెను. ఆ పందెములలో ఖర్చు పెరుగకుండుటకై అన్ని జట్ల కార్లకును ఒకే పైఆకారము నియమింపబడినది.

చాప్‌మన్ జీవితమునుండి గ్రహింపవలసిన విషయములు స్పష్టము. లేమి ఆతనిని ఆపలేదు. లేమియే ఆలోచింప నేర్పెను. కొనలేని శక్తిని గాలినుండి రాబట్టెను. తప్పుడు అంకెను పారవేయక కారణము వెదకిన బృందమును పోషించెను. అవి అనుసరింపదగినవి. కాని కమ్మిలోని బలమును తగ్గించి బరువు మిగుల్చుకొనుట పొదుపు కాదు. అది మరియొకని ప్రాణముపై చేసిన అప్పు. వంతెన కట్టువాడును, బస్సు నడుపువాడును, ఇల్లు కట్టువాడును ప్రతిదినము ఈ ప్రశ్ననే ఎదుర్కొనుచుందురు. పెద్దలై మీరొక పనికి పూనుకొన్ననాడు చేతనున్న ధనము చాలకపోవచ్చును. ఆనాడు అలంకారములో తగ్గింపుడు, ఆడంబరములో తగ్గింపుడు. మనుష్యుని భద్రతలో మాత్రము తగ్గింపకుడు.